ఒక్క ట్రైన్ మిస్సయ్యారు.. ప్రపంచానికి ఒకే గడియారం కావాలన్నారు! సబ్‌స్టేషన్ దాకా వచ్చిన శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ కథ

మీ ఫోన్‌లో రైలు టికెట్ ఒకసారి తెరిచి చూడండి. సాయంత్రం బండి అయితే టైమ్ 5:35 అని ఉండదు.. 17:35 అని ఉంటుంది. పొద్దున్నా, సాయంత్రమా అన్న డౌటే రాదు. సరిగ్గా ఈ చిన్న తేడా లేకపోవడం వల్లే 1876లో ఒక పెద్దమనిషి ఐర్లాండ్‌లోని ఓ చిన్న స్టేషన్‌లో రాత్రంతా ఇరుక్కుపోయారు. ఆయనేమీ రైళ్ల గురించి తెలియని మామూలు ప్రయాణికుడు కాదు. కెనడాలో రైలు మార్గాలు వేయించిన చీఫ్ ఇంజనీర్. పేరు శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్.

ఆ రాత్రి గట్టిపడిన ఆలోచన ఇప్పుడు ఎక్కడుందో తెలుసా? మన ఇళ్లకు కరెంటు పంపే సబ్‌స్టేషన్లలో, ప్రొటెక్షన్ రిలే అనే చిన్న పెట్టెలోని గడియారంలో ఉంది. ఆ గడియారం తప్పు చూపించినా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. కానీ ఏదో ఒక రోజు కోట్ల మంది చీకట్లోకి వెళ్లిపోతే.. ముందు ఎక్కడ, ఏం జరిగిందో తేల్చడం మాత్రం తలకు మించిన పని అయిపోతుంది.

స్కాట్లాండ్ కుర్రాడు.. కెనడా రైలు

ఫ్లెమింగ్ 1827 జనవరి 7న స్కాట్లాండ్‌లోని కిర్కాల్డీ అనే రేవు పట్టణంలో పుట్టారు. చిన్నప్పుడే సర్వే పని నేర్చుకున్నారు. 1845లో అన్న డేవిడ్‌తో కలిసి ఓడెక్కి కెనడా చేరారు. అప్పటికి ఆయనకు 18 ఏళ్లు. అక్కడ పని అంత ఈజీగా దొరకలేదు. పటాలు గీశారు, రాతి అచ్చులు వేశారు, భూములు కొలిచారు. 1849లో సర్వేయర్‌గా అర్హత సంపాదించారు. అదే ఏడాది టొరంటోలో కెనడియన్ ఇన్‌స్టిట్యూట్ అనే శాస్త్ర సంస్థను మొదలుపెట్టిన వాళ్లలో ఆయనా ఒకరు.

కెనడా మొట్టమొదటి తపాలా బిళ్ల కూడా ఆయన గీసిందే. 1851లో వచ్చిన ఆ మూడు పెన్నీల స్టాంపు మీద రాజు బొమ్మో, రాణి బొమ్మో కాదు.. బీవర్ అనే జంతువు బొమ్మ వేశారు. నీళ్లలో కట్టెలు పేర్చి ఆనకట్ట కట్టుకునే కష్టజీవి అది.

తర్వాత రైల్వేల్లోకి వెళ్లారు. తూర్పు కెనడాను మిగతా దేశంతో కలిపే ఇంటర్‌కలోనియల్ రైల్వేకు చీఫ్ ఇంజనీర్ అయ్యారు. అక్కడ వంతెనల దగ్గర గొడవ వచ్చింది. చెక్కతో కట్టేస్తే ఖర్చు తగ్గుతుందని పైవాళ్లు అన్నారు. చెక్క కాలిపోతుంది, పుచ్చిపోతుంది, ఇనుమే పెట్టాలని ఫ్లెమింగ్ పట్టుబట్టారు. ఈ రోజు మిగిలే డబ్బు కంటే రేపు నిలబడే పని ముఖ్యం అన్నది ఆయన లెక్క. చివరికి దాదాపు అన్నిచోట్లా ఆయన మాటే నెగ్గింది. ఆ లైన్ 1876లో పూర్తయింది. 1871 నుంచే ఆయన నెత్తిన ఇంకో పెద్ద భారం కూడా ఉంది.. అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ సముద్రం దాకా వేసే కెనడియన్ పసిఫిక్ రైల్వే సర్వే.

అప్పట్లో ఊరికో టైమ్!

అసలు సమస్య ఏంటో అర్థం కావాలంటే ఆ రోజుల్లో టైమ్ ఎలా ఉండేదో తెలియాలి. సూర్యుడు నడినెత్తికి వస్తే ఆ ఊరికి మధ్యాహ్నం 12. అంతే. పక్క ఊరికి పన్నెండు ఎప్పుడన్నది పక్క ఊరి ఇష్టం. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. కాబట్టి తూర్పున ఉన్న ఊరికి ముందు, పడమరన ఉన్న ఊరికి వెనక మధ్యాహ్నం అవుతుంది.

మన దగ్గరే చూడండి. విశాఖపట్నంలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన దాదాపు 19 నిమిషాలకు గానీ హైదరాబాద్‌లో రాడు. ఎడ్లబండి మీద వెళ్లే రోజుల్లో ఈ 19 నిమిషాలు ఎవరికీ పట్టవు. రైలు వచ్చాక మాత్రం లెక్క మారిపోయింది. ఒకే పట్టాల మీద ఎదురెదురుగా వచ్చే రెండు బండ్ల డ్రైవర్ల దగ్గర రెండు రకాల టైమ్‌లు ఉంటే.. అది ప్రాణాల మీదకు వచ్చే వ్యవహారం.

ఉత్తర అమెరికాలో అయితే ఒక్కో రైలు కంపెనీకి ఒక్కో టైమ్. పెద్ద జంక్షన్లలో కంపెనీకొకటి చొప్పున గోడ మీద గడియారాలు వేలాడేవి. ప్రయాణికుడు ముందు తన బండి ఏ కంపెనీదో చూసుకోవాలి, ఆ తర్వాత ఏ గడియారం చూడాలో తేల్చుకోవాలి. ఖండం అంతటా రైలు వేయబోతున్న ఫ్లెమింగ్‌కు ఈ గందరగోళం రోజూ కళ్ల ముందే ఉండేది.

బండోరన్ స్టేషన్‌లో ఆ రాత్రి

1876 జూలై. ఫ్లెమింగ్ సెలవు మీద బ్రిటన్ వెళ్లారు. అక్కడి నుంచి ఐర్లాండ్ వెళ్లినప్పుడు బండోరన్ అనే చిన్న స్టేషన్‌లో రైలు ఎక్కాల్సి వచ్చింది. టైమ్ టేబుల్ పుస్తకంలో సాయంత్రం 5:35 అని ఉంది. ఆయన అంతకు ముందే స్టేషన్‌కు చేరుకున్నారు. చూస్తే బండీ లేదు, హడావుడీ లేదు. అడిగితే తెలిసిందేంటంటే.. ఆ రైలు ఉదయం 5:35కే వెళ్లిపోయింది. పుస్తకంలో ఏఎం అని పడాల్సిన చోట పీఎం అని అచ్చు పడింది.

ఒక్క అక్షరం తేడా. దాని ఖరీదు ఒక రాత్రి. మరుసటి రోజు ఉదయం దాకా ఆయన అక్కడే ఉండిపోయారు. ఇంకొకరైతే అచ్చు వేసిన వాణ్ని నాలుగు తిట్టి ఊరుకునేవారేమో. ఫ్లెమింగ్ మాత్రం తప్పు అచ్చులో లేదు, పద్ధతిలోనే ఉంది అనుకున్నారు. రోజుకు 24 గంటలు ఉన్నప్పుడు ఒకే అంకెను రెండుసార్లు ఎందుకు వాడాలి? ఒకటి నుంచి 24 దాకా వరసగా లెక్కపెడితే పోదా? ఇదీ ఆయన మొదటి ప్రశ్న.

రెండో ప్రశ్న ఇంకా పెద్దది. ప్రతి ఊరికీ సొంత టైమ్ ఉండనివ్వండి.. కానీ వాటన్నిటికీ వెనక, భూమి మొత్తానికి ఉమ్మడిగా ఒకే ఒక్క గడియారం ఎందుకు ఉండకూడదు?

జనానికి ఊరి టైమ్.. లెక్కకు లోకం టైమ్

అదే ఏడాది నుంచి ఆయన దీని మీద రాయడం మొదలుపెట్టారు. 1879లో కెనడియన్ ఇన్‌స్టిట్యూట్ ముందు పూర్తి ప్రతిపాదన పెట్టారు. సారాంశం సింపుల్. భూమిని 15 డిగ్రీల చొప్పున 24 ముక్కలు చేయాలి. ఒక్కో ముక్కకు ఒక గంట తేడా. ఇది జనం రోజువారీ పనులకు. దీనికి పైన అందరికీ ఒకటే అయిన లోకం టైమ్ ఉండాలి. దానికి ఆయన కాస్మిక్ టైమ్ అని పేరు పెట్టారు. టెలిగ్రాఫ్ వార్త అయినా, సముద్రంలో ఓడ లెక్క అయినా, నక్షత్రాల పరిశీలన అయినా.. ఆ ఉమ్మడి టైమ్‌లోనే రాసుకోవాలన్నారు.

మాటలతో ఆగలేదు. ఊరి టైమ్, లోకం టైమ్ రెండూ చూపించే జేబు గడియారం లండన్‌లో చేయించుకున్నారు. జేబులోంచి తీసి నలుగురికీ చూపిస్తే ఐడియా ఇట్టే అర్థమవుతుందని ఆయన నమ్మకం.

అప్పటి గవర్నర్ జనరల్ ఈ పత్రాలను చాలా దేశాలకు పంపించారు. అయితే బ్రిటన్ ఖగోళ పెద్దలు పెద్దగా పట్టించుకోలేదు. రాయల్ ఆస్ట్రానమర్ జార్జ్ ఎయిరీ ఇదంతా అనవసరం అన్నట్టే చూశారు. జనం మామూలు జీవితంలో ఇంత పెద్ద మార్పును ఒప్పుకోరన్నది పెద్దల అనుమానం. ఒక రైలు ఇంజనీర్ వచ్చి నక్షత్ర శాస్త్రవేత్తలకు టైమ్ పాఠం చెప్పడం కూడా చాలామందికి మింగుడు పడలేదు.

ఉద్యోగం పోయింది.. పట్టు పోలేదు

ఈలోగా ఇంటి దగ్గర దెబ్బ తగిలింది. పసిఫిక్ రైల్వే సర్వే ఖర్చు పెరిగిపోయిందని, పని ఆలస్యం అవుతోందని విమర్శలు ముదిరాయి. 1880లో ప్రభుత్వం ఆయన్ను చీఫ్ ఇంజనీర్ పదవి నుంచి తప్పించింది. తొమ్మిదేళ్లు పర్వతాలూ అడవులూ కొలిపించిన మనిషి, పట్టాలు పడకముందే బయటికి రావాల్సి వచ్చింది.

ఆ వయసులో చాలామంది ఇంట్లో కూర్చుంటారు. ఆయనకు అప్పుడు 53. అదే ఏడాది క్వీన్స్ యూనివర్సిటీ ఛాన్సలర్ అయ్యారు, చనిపోయే దాకా 35 ఏళ్లు ఆ పదవిలో ఉన్నారు. దొరికిన టైమ్ మొత్తం.. టైమ్ మీదే పెట్టారు. సభలకు వెళ్లారు, ఉత్తరాలు రాశారు, వినని వాళ్లకు మళ్లీ మళ్లీ చెప్పారు.

1883 నవంబర్ 18, ఆదివారం. అమెరికా, కెనడా రైలు కంపెనీలు ప్రభుత్వాల కోసం ఎదురు చూడకుండా తామే నాలుగైదు జోన్లుగా టైమ్ మార్చేసుకున్నాయి. కొన్ని ఊళ్లలో ఆ రోజు గడియారం రెండుసార్లు 12 కొట్టింది. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ మార్పు ఒక్క ఫ్లెమింగ్ ఘనత కాదు. చార్లెస్ డౌడ్ అనే టీచర్ ఆయన కంటే ముందే రైల్వే జోన్ల ప్రతిపాదన చేశారు. కంపెనీలన్నిటినీ ఒప్పించి అమలు చేయించింది విలియం అలెన్ అనే రైల్వే అధికారి. రైళ్లతో ఆగకుండా, లెక్కను భూమి మొత్తానికి చాపాలని పట్టుబట్టడం ఫ్లెమింగ్ వాటా.

వాషింగ్టన్‌లో సగం గెలుపు

1884 అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో 25 దేశాలు కూర్చున్నాయి. సున్నా డిగ్రీల రేఖ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్నది అజెండా. బ్రిటన్ బృందంలో కెనడా తరఫున ఫ్లెమింగ్ ఉన్నారు. ఏ దేశానికీ సొంతం కాని రేఖ అయితే గొడవే ఉండదని, గ్రీనిచ్‌కు సరిగ్గా అవతలి వైపు పసిఫిక్ సముద్రంలో నుంచి లెక్క మొదలుపెడదామని ఆయన ఆలోచన. అది నెగ్గలేదు. 22 దేశాలు గ్రీనిచ్‌కే ఓటేశాయి. ఒకటి వద్దంది. ఫ్రాన్స్, బ్రెజిల్ తటస్థంగా ఉండిపోయాయి.

లోకం అంతటికీ ఒకే రోజు లెక్క, సున్నా నుంచి 24 గంటల దాకా ఉండాలన్న తీర్మానం మాత్రం పాసైంది. కానీ ఎవరూ తప్పనిసరిగా పాటించాలన్న రూల్ లేదు. ఏ దేశం గడియారం ఆ దేశం ఇష్టం. అంటే ఫ్లెమింగ్ అడిగిన దాంట్లో సగం దొరికింది.. మిగతా సగం కాగితం మీదే ఉండిపోయింది.

1885 నవంబర్ 7న కెనడియన్ పసిఫిక్ రైల్వే చివరి మేకు కొట్టారు. ఆ ఫోటో ఇప్పటికీ కెనడా పాఠ్య పుస్తకాల్లో కనిపిస్తుంది. మధ్యలో పొడుగ్గా, తెల్ల గడ్డంతో, ఎత్తు టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నది ఫ్లెమింగే. తనను పక్కన పెట్టిన పని పూర్తయిన రోజు ఆయన దగ్గరుండి చూశారు.

1897లో సర్ బిరుదు వచ్చింది. 1902 అక్టోబర్‌లో కెనడా నుంచి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దాకా సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుల్ పూర్తయింది. దీని కోసం కూడా ఆయన రెండు దశాబ్దాలకు పైగా కొట్లాడారు. ఆ తీగలో వెళ్లిన వార్త క్షణాల్లో తేదీ రేఖ దాటేస్తుంది. ఉమ్మడి టైమ్ ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

మన దగ్గరికి ఎప్పుడొచ్చింది?

మన రైళ్లు కూడా 19వ శతాబ్దం చివర్లో మద్రాస్ టైమ్ మీదే నడిచేవి. అది గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందు. 1906 జనవరి 1 నుంచి ఇండియన్ స్టాండర్డ్ టైమ్ వచ్చింది.. ఐదున్నర గంటలు. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడకు దగ్గర్లోంచే వెళ్తుంది. అయినా అందరూ వెంటనే మారలేదు. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా సొంత టైమ్ వదల్లేదు. అలవాటు అంత గట్టిది.

ఆయన పోయాక వచ్చిన కొత్త చిక్కు

ఫ్లెమింగ్ 1915 జూలై 22న హాలిఫాక్స్‌లో కన్నుమూశారు. వయసు 88. ఒట్టావాలో సమాధి చేశారు.

అదే ఏడాది మార్చిలో ఇంగ్లండ్‌లో విలియం విల్లెట్ అనే ఇళ్ల బిల్డర్ చనిపోయారు. ఎండాకాలంలో గడియారాన్ని ముందుకు జరిపితే పగటి వెలుగు ఎక్కువ వాడుకోవచ్చని 1907 నుంచి ప్రచారం చేసిన మనిషి ఆయన. బతికుండగా ఎవరూ వినలేదు. మరుసటి ఏడాది, 1916 ఏప్రిల్ 30న యుద్ధంలో ఉన్న జర్మనీ గడియారాన్ని గంట ముందుకు జరిపింది. మూడు వారాలకు బ్రిటన్ కూడా జరిపింది. 1918లో అమెరికా ఒక చట్టం చేసింది. ఫ్లెమింగ్ కోరుకున్న ప్రామాణిక సమయం, విల్లెట్ కోరుకున్న డేలైట్ సేవింగ్.. రెండూ ఆ ఒక్క చట్టంలోనే వచ్చాయి!

అంటే కదలని గడియారం, ఏడాదికి రెండుసార్లు కదిలే గడియారం ఒకే ఇంట్లో కాపురం పెట్టాయన్నమాట. మన దేశంలో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గడియారాన్ని గంట ముందుకు పెట్టారు, తర్వాత తీసేశారు. ఉత్తర అమెరికాలో మాత్రం ఎక్కువ చోట్ల ఇప్పటికీ ఉంది. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం 2 గంటలకు వెనక్కు.

రిలే గడియారం ఏం చేస్తుంది?

ఇప్పుడు సబ్‌స్టేషన్‌లోకి వద్దాం. హై టెన్షన్ లైన్ మీద చెట్టు కొమ్మ తగిలినా, పిడుగు పడినా అరసెకను కూడా ఆగకుండా ఆ లైన్‌ను వేరు చేయాలి. ఆ నిర్ణయం తీసుకునేది ప్రొటెక్షన్ రిలే. కరెంటు, వోల్టేజీ కొలతలు చూసి, తేడా వస్తే బ్రేకర్‌కు ట్రిప్ ఆర్డర్ ఇస్తుంది. మామూలుగా ఈ నిర్ణయానికి గోడ గడియారంతో పని లేదు. టైమ్ తప్పున్నా రిలే ట్రిప్ చేస్తుంది. లైన్ రెండు చివర్ల కొలతలను జీపీఎస్ టైమ్‌తో పోల్చే కొన్ని రకాల రిలేలకు మాత్రం ట్రిప్ చేయడానికే సరైన టైమ్ కావాలి.

ట్రిప్ చేశాక రిలే ఇంకో పని చేస్తుంది. ఏం జరిగిందో రాసి పెట్టుకుంటుంది. ఏ క్షణంలో ఫాల్ట్ వచ్చింది, ఎప్పుడు ట్రిప్ ఇచ్చాను, బ్రేకర్ ఎప్పుడు తెరుచుకుంది అని మిల్లీసెకన్లలో. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అంటే ఒక్క ఊపు 20 మిల్లీసెకన్లు. రెండు సబ్‌స్టేషన్ల గడియారాల మధ్య అర సెకను తేడా ఉన్నా 25 ఊపుల తేడా. ముందు ఏది పడిందో, దాని వల్ల ఏది పడిందో తారుమారు అయిపోతుంది.

50 మిలియన్ల మంది చీకట్లో.. అప్పుడేమైంది?

2003 ఆగస్టు 14, సాయంత్రం 4 గంటల తర్వాత. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, ఫ్లెమింగ్ దేశమైన కెనడాలోని ఒంటారియోలో కరెంటు పోయింది. దాదాపు 5 కోట్ల మంది చీకట్లోకి వెళ్లారు. 61,800 మెగావాట్ల లోడ్ పోయింది. ఒహాయోలో లైన్లు చెట్లకు తగలడం, కంట్రోల్ రూమ్ అలారం సాఫ్ట్‌వేర్ పనిచేయకపోవడం.. ఇలా మొదలైంది. చివరి గొలుసు నిమిషాల్లోనే తెగిపోయింది.

రెండు దేశాలు కలిసి దర్యాప్తు వేశాయి. అక్కడే పెద్ద అడ్డంకి ఎదురైంది. వేల సంఘటనల రికార్డులు ఉన్నాయి, కానీ వాటి మీది టైమ్‌లు ఒకదానితో ఒకటి కలవలేదు. కొన్నిచోట్ల కంప్యూటర్లు పని భారంతో ఆలస్యంగా రాశాయి. కొన్నిచోట్ల గడియారాలను జాతీయ ప్రామాణిక సమయంతో అసలు సరిచూడనే లేదు. ఏది ముందు, ఏది వెనక అని ఒక్కొక్కటీ పోల్చి వరస పేర్చడం చాలా పెద్ద పని అయింది. రికార్డర్లన్నీ ఒకే టైమ్‌తో కలిసి నడవాలని దర్యాప్తు బృందం గట్టిగా సిఫార్సు చేసింది. ఆ తర్వాత ఉత్తర అమెరికా నిబంధనల్లో యూటీసీకి 2 మిల్లీసెకన్ల లోపు ఉండాలన్న లెక్క వచ్చింది. యూటీసీ అంటే ప్రపంచం మొత్తానికి ఒకటే అయిన ప్రామాణిక సమయం. ఫ్లెమింగ్ అడిగింది కూడా సరిగ్గా అలాంటిదే.

2012 జూలై 30, 31 తేదీల్లో మన దేశంలోనూ గ్రిడ్ కుప్పకూలింది. ఆ విచారణ కమిటీ కూడా రికార్డర్ల టైమ్ సింక్ మీద పూర్తి స్థాయి ఆడిట్ చేయించాలని చెప్పింది. దేశం వేరైనా పాఠం ఒక్కటే.

ఒక్క సెట్టింగ్.. ఒక గంట మాయం

సబ్‌స్టేషన్‌లో జీపీఎస్ యాంటెన్నా ఉన్న ఒక మాస్టర్ క్లాక్ ఉంటుంది. అక్కడి నుంచి ఐరిగ్-బి అనే టైమ్ సిగ్నల్ వైరు మీద ప్రతి రిలేకూ వెళ్తుంది. కొత్త స్టేషన్లలో ఇదే పని నెట్‌వర్క్ మీద జరుగుతోంది. వైరు కలిపేశాం కదా, అయిపోయింది అనుకుంటే పొరపాటే. తప్పులు జరిగేది ఆ తర్వాతే.

మొదటిది, రెండుసార్లు కలపడం. మాస్టర్ క్లాక్ డేలైట్ సేవింగ్ గంటను కలిపేసి లోకల్ టైమ్ పంపుతుంది. రిలేలో కూడా అదే ఆప్షన్ ఆన్ చేసి ఉంటే అది ఇంకో గంట కలుపుతుంది. రికార్డు గంట ముందుకు పోతుంది.

రెండోది, పాత రూల్. అమెరికాలో 2007 నుంచి డేలైట్ సేవింగ్ తేదీలు మారాయి, కెనడాలో చాలా చోట్ల కూడా అలాగే మార్చుకున్నారు. అంతకుముందు ఏప్రిల్ మొదటి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా ఉండేది. పాత తేదీలు లోపలే బిగించి ఉన్న రిలే ఏటా కొన్ని వారాలు తప్పు టైమ్ చూపిస్తుంది.

మూడోది, అన్నిటికంటే దొంగ తప్పు. నవంబర్ ఆదివారం ఒంటి గంట నుంచి రెండు దాకా ఉన్న గంట రెండుసార్లు వస్తుంది. టొరంటోలో ఒక ఫాల్ట్ 1:40కి వచ్చింది అనుకుందాం. అరగంట తర్వాత దాని వల్ల ఇంకోటి వచ్చింది. ఈలోగా గడియారం వెనక్కి తిరిగింది కాబట్టి రెండోది 1:10 అని పడుతుంది. లిస్టును టైమ్ ప్రకారం పేరిస్తే ఫలితం ముందు, కారణం తర్వాత! అదే యూటీసీలో రాస్తే మొదటిది 05:40, రెండోది 06:10. గొడవే లేదు.

నాలుగోది, సరిహద్దు. కెనడాలో మానిటోబా గడియారం జరుపుతుంది, పక్కనే ఉన్న సస్కాచెవాన్ దాదాపు మొత్తం జరపదు. చలికాలంలో రెండిటి టైమ్ ఒకటే, ఎండాకాలంలో గంట తేడా. ఈ రెండిటినీ కలిపే కరెంటు లైన్ రెండు చివర్ల రిలేలు లోకల్ టైమ్ రాసుకుంటే.. ఒకే ఫాల్ట్‌కు రెండు పుట్టిన రోజులు.

అందుకే చాలామంది ఇంజనీర్లు పాటించే పద్ధతి ఇది. రిలేను, మాస్టర్ క్లాక్‌ను యూటీసీలో పెట్టాలి. డేలైట్ సేవింగ్ ఆఫ్ చేయాలి. కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద మనిషికి చూపించేటప్పుడు మాత్రమే లోకల్ టైమ్‌కు మార్చాలి. లోకల్ టైమ్ తప్పదు అనుకుంటే గంటను కలిపే బాధ్యత క్లాక్‌దా, రిలేదా అన్నది ఒక్కరికే అప్పగించాలి. మాస్టర్ క్లాక్ సిగ్నల్‌లో ఏడాది, లోకల్ తేడా, గంట మారబోతోందన్న ముందస్తు గుర్తు పంపే వీలుంటుంది. రిలే వాటిని చదివేలా సెట్ చేశారో లేదో చూడాలి.

మన దగ్గర గడియారం జరిపే గొడవ లేదు. అలాగని పూర్తిగా సేఫ్ అనుకోవద్దు. మనది ఐదున్నర గంటల తేడా, అంటే 330 నిమిషాలు. అరగంట మర్చిపోతే రికార్డంతా అరగంట పక్కకు పోతుంది. వేరే దేశం డేలైట్ సేవింగ్ సెట్టింగ్ పొరపాటున ఆన్‌లో ఉండిపోతే మార్చి నుంచి నవంబర్ దాకా ఒక గంట తేడా. ఇంకో జాగ్రత్త.. యాంటెన్నా పాడైనా, వైరు ఊడినా రిలే గడియారం ఆగదు, మెల్లగా జారిపోతుంది. చూడ్డానికి బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది. అందుకే సింక్ పోతే కంట్రోల్ రూమ్‌కు అలారం వెళ్లాలి. సెట్టింగ్ అయ్యాక ఒకే సిగ్నల్‌ను రెండు రిలేలకు ఒకేసారి ఇచ్చి, రెండిటి రికార్డుల్లో టైమ్ కలుస్తుందో లేదో చూసుకుంటే తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది.

ఇప్పటికి గెలిచిన మిగతా సగం

ఫ్లెమింగ్ కాస్మిక్ టైమ్ అన్న పేరు నిలవలేదు. జనం చేతికి ఉమ్మడి గడియారం రాలేదు. మన పెళ్లి ముహూర్తాలు, బడి గంటలు, పాల ప్యాకెట్ టైమ్ అన్నీ ఊరి టైమ్ మీదే ఉన్నాయి. ఆయన కూడా అవి తీసేయమనలేదు. జనం ఊరి టైమ్‌తో బతకాలి, లెక్క మాత్రం లోకం టైమ్‌లో ఉండాలి అన్నారు.

ఆ రెండో మాటను 1884లో దేశాలు కాగితం మీద పెట్టి వదిలేశాయి. ఇప్పుడు విమానాలు, ఉపగ్రహాలు, ఇంటర్నెట్ సర్వర్లతో పాటు సబ్‌స్టేషన్ రిలేలూ దాన్ని పాటిస్తున్నాయి. ఎక్కడైనా కరెంటు పోయి, ఎందుకు పోయిందో ఇంజనీర్లు త్వరగా చెప్పగలిగారంటే దాని వెనక టైమ్ సరిగ్గా పెట్టిన ఒక రిలే ఉంటుంది. చెప్పలేక తల పట్టుకున్నారంటే.. బండోరన్ టైమ్ టేబుల్‌లో లాగే ఎక్కడో ఒక చిన్న అక్షరం తప్పు పడి ఉండొచ్చు.